ముందు కుక్కకు కుట్టారు

బోధన్ అనగానే వినేవాళ్ళు "ఓహో, చక్కెర ఊరు!" అంటారు. నోట్లో తీపి ఊరినట్టు మొహం పెడతారు. వాళ్ళు చెరుకు ఆడే కాలంలో అక్కడ ఒక్క పూట కూడా ఉండి ఉండరు. చక్కెర తీయగా మిగిలిన మడ్డి పులిసిన వాసన, ఎడ్ల పేడ వాసన, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేలోపు దాని మీద వాలే ఈగలు. ఛీ! ఇన్నేళ్ళ తర్వాత కూడా చాయ్‌లో చక్కెర ఎక్కువైతే నాకు ఆ వాసనే తగులుతుంది. అయినా నేను చెప్పబోయే రోత దానిది కాదు. మడ్డి అన్నాక పులుస్తుంది. మనుషులు పులిస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. పై పెదవి ఎడమ వైపున చీలి, ఆ చీలిక ముక్కు దాకా పోయేది. సందులోంచి ఒక పన్ను అడ్డంగా కనబడేది. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం, బాపును కన్న తల్లిని బాపమ్మ అంటాం. ఆ పిలుపులన్నీ పెదవులు కలిస్తే తప్ప పలకవు. నా నోట్లో అవి చిల్లుపడిన కొలిమితిత్తిలా ఫుస్సుమనేవి. వీధిలో పిల్లలు నన్ను ఆపి, "బాపమ్మ అనవే, ఒక్కపారి అను" అని అడిగి మరీ నవ్వేవారు.

నాకు ఆ మొర్రి ఎట్లా వచ్చిందో వాడకట్టంతటికీ తెలుసు. నేను కడుపులో ఉన్నప్పుడు మా అవ్వ గ్రహణం నాడు కొడవలి పట్టి బర్రెకు గడ్డి కోసిందట. గ్రహణం పట్టిన వేళ కడుపుతో ఉన్న మనిషి ఏది కోసినా, ఏది చీల్చినా ఆ గాటు బిడ్డకు పడుతుందని మావాళ్ళ నమ్మకం. ఇంటికి ఎవరొచ్చినా బాపమ్మ చాయ్ కంటే ముందు ఈ కథ పోసేది. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, "సూడుండ్రి, నా కోడలు సేసిన పని" అనేది. ఆ బర్రె ఎవరిదో, అది ఆకలికి అరుస్తోందని అవ్వను గడ్డికి తరిమింది ఎవరో ఆ కథలో ఎప్పుడూ వచ్చేది కాదు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని అంతా వినేది. ఒక్కనాడు కూడా ఎదురు చెప్పలేదు.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి తెచ్చుకోవడం నా వంతు. అరవైల నాటి మాట ఇది, నాకు అప్పుడే ఓణీ వేశారు. ఒకనాడు పిప్పి కుప్ప వెనక ఒక ఊరకుక్క ఈని ఉంది. పిల్లలన్నీ బొద్దుగా తల్లిని అంటుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం పక్కకు పడి ఉంది, తోలు కప్పిన ఎముకలు. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, దానికీ పై పెదవి చీలి ఉంది. అదీ ఎడమ పక్కనే! తాగిన కాసిని పాలు ముక్కులోంచి నురగలా బయటికి వచ్చి, మూతి మీద పులిసి, అక్కడ ఈగలు.

నాకే రోత పుట్టింది. కింద పడేయబోయాను. నన్ను చూడగానే జనం మొహాలు ఎందుకట్లా ముడుచుకుంటాయో, నా మొహం ఎట్లా ముడుచుకుందో తెలిశాకే అర్థమైంది. దాన్ని ఓణీలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

బాపమ్మ గడపలోనే అడ్డం నిలబడింది. "ఓ యమ్మో! ఇంట్ల ఒకటుంటె సాలదా, గింకోటి గావాల్నా? తీస్కపోయి పారెయ్!"

అవ్వ లోపల్నుంచి వచ్చింది. కుక్కపిల్లను చూసింది. దీపం వత్తులకు దాచుకున్న దూది తీసి, చిటికెన వేలంత వత్తి చేసి, పాలలో ముంచి దాని నాలుక వెనగ్గా పెట్టింది. తలను కొంచెం పైకి ఎత్తి పట్టుకుంది.

"గిట్ల మీదికి లేపి పట్టాలె. ఇగ ముక్కులకెల్లి రావు" అంది నాతో.

చుక్క బయటికి రాలేదు. అవ్వ ఆ విద్య ఎవరి నోటి మీద నేర్చుకుందో నేను అడగలేదు.

కుక్క బతికింది. దానికి పేరంటూ ఎవరూ పెట్టలేదు. బాపమ్మ దాన్ని "మొర్రీ" అని కేకేసేది. నన్ను కూడా కోపం వస్తే అట్లాగే కేకేసేది. ఆమె అరుపుకు కుక్కా నేనూ ఒకేసారి తల తిప్పితే, అరుగు మీద బీడీలు చుట్టుకునే వాడకట్టు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు ఎగిరిపడేలా నవ్వేవారు. "జోడు మంచిగ కుదిరిందే!" అనేవారు. నవ్వండి, మీ నోట్లో తునికాకు దుమ్ము పడ! బాపు ఒక్కడికే ఆ కుక్కంటే నిజంగా ప్రేమ. డ్యూటీ దిగి వస్తే ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆయన పాదాలు దాని జొల్లుతో తడిసేవి. దులుపుకునేవాడు కాదు. నా జొల్లు కంచం మీద పడితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుని తినేవాడు.

ఇట్లా ఉండగా అన్నకు పెళ్ళైంది. వదినకు తల్లి లేదు. కడుపు పండగానే, కాన్పు కూడా అత్తవారింట్లోనే అని తేల్చారు. బాపమ్మకు ఇక ఇల్లంతా యుద్ధభూమి అయింది. కడుపుతో ఉన్న పిల్ల దేన్ని చూస్తే అదే పుడుతుందని ఆమె శాస్త్రం. మొదటి రోజే తీర్పు చెప్పేసింది.

"గీ కుక్కను మంజీర అవతల ఇడిసిపెట్టి రాండ్రి. పిల్ల పొద్దుగాల లేసి గా మూతి సూసిందనుకో, ఇగ మన గతి అంతే."

బాపు గిలగిల్లాడాడు. తల్లికి ఎదురు చెప్పడం ఆయనకు పుట్టుకతో రాదు. కాంటా దగ్గర ఈ గోడు ఎవరితోనో చెప్పుకుంటే, ఒక బండాయన నిజామాబాద్ పశువుల దవాఖానా గురించి చెప్పాడట. చెరుకు బండ్ల కాలంలో ముకుతాడు లాగుడుకు ఎడ్ల ముక్కులు చిరిగిపోయేవి. అక్కడి డాక్టరు వాటిని కుట్టేవాడు.

బాపు ఇంటికొచ్చి తల్లి ముందు నిలబడి అన్నాడు, "ఎద్దు ముక్కు కుట్టేటోడు కుక్క మూతి కుట్టడా అవ్వా? మూతి మంచిగైతె ఇగ సూస్తెనేంది?"

బాపమ్మ కుట్టించినా సరే, మంజీర దాటించినా సరే, ఏదో ఒకటి తొందరగా తేల్చమంది.

కుక్క ఇంట్లో ఉంటుందా, మంజీర ఇసుకలో ఆకలికి చస్తుందా అన్నది ఆ కుట్ల మీదే ఉందని అందరికీ తెలిసిన సంగతి. నాకు ఒక్కదానికే తెలిసినది ఇంకొకటి ఉంది. దాని పెదవి అతుక్కుంటే నాదీ అతుక్కుంటుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు. నవ్వితే నేను ఎవరినైనా కొరుకుతాను.

కుక్క నా దగ్గర తప్ప నిలవదు కాబట్టి నన్నూ వెంట తీసుకుపోవలసి వచ్చింది. బస్సువాడు కుక్కను ఎక్కనివ్వనన్నాడు. చక్కెర బస్తాల లారీలో పోయాం. బస్తాల మీద కూర్చుంటే చేతులకు, ఓణీకి, కుక్క వెంట్రుకలకు చక్కెర జిగురు. దారిలో చాయ్ తాగడానికి లారీ ఆగినప్పుడు ఇద్దరు మనుషులు కుక్కను చూసి, నన్ను చూసి, మళ్ళీ కుక్కను చూశారు. నేను ఓణీ ముక్కు మీదికి లాక్కుని, కుక్క మూతి మీద కూడా కొంగు కప్పాను.

పశువుల దవాఖానా లోపలికి అడుగు పెట్టగానే వాసన గుప్పున కొట్టింది. ఫినాయిలు, పేడ, చీము. కాడి ఒరుసుకుని మెడలు పుండ్లు పడిన ఎడ్లు వరసగా కట్టేసి ఉన్నాయి. ఒక కాకి తాపీగా ఎద్దు మూపురం మీద వాలి పుండును పొడుస్తోంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు. ఎద్దుల ఆసాములు ఆ పక్కనే బీడీలు కాలుస్తూ చెరుకు రేటు మాట్లాడుకుంటున్నారు.

డాక్టరు సన్నగా, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో, అలసిపోయి ఉన్నాడు. కుక్క నోరు తెరిచి వేలు పెట్టి అంగిలి తడిమాడు.

"లోపల మంచిగనే ఉంది. పెదవి ఒక్కటే ఖరాబ్" అన్నాడు. "ఎడ్లు కుడత, బర్లు కుడత. కుక్క మూతి ఎన్నడు కుట్టలే. సూద్దాం."

అప్పుడే మందుల సీసాలు సర్దుతున్న కాంపౌండరు నా వైపు చూశాడు. గాలికి నా ఓణీ జారింది. వాడికి ఎక్కడలేని హుషారు వచ్చింది.

"సార్, ఇద్దరికి ఒక్కపారే కుడ్దమా? దారం కలిసొస్తది!"

ఎడ్ల ఆసాములు పకపకా నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళు నాకెవరు? బాపు కూడా నవ్వాడు. పెద్దగా కాదు. పెద్దమనుషుల ముందు మర్యాదకు నవ్వినట్టు, పళ్ళు కనబడేంత నవ్వు. ఆ దవాఖానాలో చీము చూశాను, నెత్తురు చూశాను, పురుగులు పట్టిన గిట్ట చూశాను. వాటన్నిటికంటే ఆ నవ్వు నాకు ఎక్కువ కంపరం పుట్టించింది. ఈనాటికీ ఎవరైనా మర్యాదకు నవ్వితే నా చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి విసిరేయాలనిపిస్తుంది.

డాక్టరు నవ్వలేదు. బాపుతో అన్నాడు, "మనుషులకు పట్నంల పెద్ద దవఖానల చేస్తరు. చిన్నప్పుడే తీస్కపోవాలె. ఇప్పుడన్న తీస్కపో, కుడతరు."

బాపు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఆఁ సార్" అన్నాడు. ఆ "ఆఁ"కు అర్థం "మీరు కుక్క సంగతి చూడండి" అని.

నెత్తురు చూడలేనని బాపు బయటికి పోయాడు. కుక్క తల నేనే పట్టుకున్నాను. ముక్కు దగ్గర మత్తుమందు గుడ్డ పెట్టారు. తియ్యటి వాసన, మళ్ళీ ఆ పాడు తీపే! కుక్క కాళ్ళు కొట్టుకుని, కొట్టుకుని, ఆగిపోయాయి. నాలుక పక్కకు వేలాడింది. చచ్చిందేమోనని నేను దాని డొక్క మీద చెయ్యి వేసి చూశాను. డొక్క ఆడుతోంది.

డాక్టరు చిన్న కత్తితో చీలిక అంచులు రెండు వైపులా సన్నగా చెక్కేశాడు. నెత్తురు చిమ్మింది.

"ఉన్నది సుత కోసేస్తున్రేంది?" అని అరిచాను.

"ఎండిపోయిన అంచు అతుకది బిడ్డా. పచ్చిగ జేస్తెనే ఒకదాన్నొకటి పట్టుకుంటది" అన్నాడు. ఆయన నా మాట అర్థం చేసుకుని జవాబు చెప్పాడు. బయటివాళ్ళు నన్ను మళ్ళీ చెప్పు అనకుండా జవాబు చెప్పడం నాకు కొత్త.

తర్వాత వంకర సూదితో లోపల కండ, పైన తోలు విడివిడిగా కుట్టాడు. జొల్లు, నెత్తురు కలిసి నా వేళ్ళ సందుల్లోంచి కారాయి. దాని దవడ వెచ్చగా, జిగటగా ఉంది. రోత పడుతూనే ఒక్క కుట్టు కూడా వదలకుండా చూశాను. నా నాలుక నా చీలికలో తిరుగుతూనే ఉంది. ఇక్కడ కోస్తారు, ఇక్కడ గుచ్చుతారు, ఇక్కడ లాగి ముడి వేస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు లారీలో కుక్కకు మత్తు విడింది. విడగానే నా ఒళ్ళో కక్కింది. బాపు తన తువ్వాలు తీసి ముందు కుక్క మూతి అద్దాడు, తర్వాత ఆ తువ్వాలే నాకిచ్చాడు.

కుట్లు గీక్కోకుండా బాపు పాత బీడీల చాట ఒకటి తీసుకుని, మధ్యలో తల పట్టేంత కోసి దాని మెడకు తొడిగాడు. ఆ చాట వేసుకుని కుక్క వాకిట్లో తలుపులకు కొట్టుకుంటూ తిరుగుతుంటే వాడకట్టంతా జాతరకు వచ్చినట్టు వచ్చేది. నేను అవ్వ చేసిన వత్తితోనే మళ్ళీ జావ తాగించాను. ఒకవైపు చీము పట్టింది. వేడినీళ్ళలో ఉప్పు వేసి కడిగాను. వాసన చెప్పనలవి కాదు. చెరుకు యార్డుకు ఎడ్లను చూడటానికి వచ్చిన రోజున డాక్టరే మా ఇంటికి వచ్చి దారాలు తీసేశాడు.

అతుక్కుంది. ముక్కు కింద ఒక గీత మిగిలింది, ఒక పక్కకు కొంచెం లాగినట్టు. ఎవరినో చూసి వెటకారంగా నవ్వుతున్నట్టు ఉండేది. నాకు అదే నచ్చింది.

బాపమ్మ కుక్క గడ్డం పట్టుకుని మూతి వెలుతురుకు తిప్పింది. ఆ పట్టు నాకు బాగా తెలుసు.

"అబ్బా! అచ్చం మనిషి లెక్కనే అయింది!" అంది.

ఆ మాటకు అందరూ మురిసిపోయారు. వదిన కూడా దగ్గరికి వచ్చి దాని తల నిమిరింది. ఇక అది ఎక్కడ పడుకున్నా అడిగేవాళ్ళు లేరు. వదిన మంచం కిందనే పడుకునేది.

ఆ వారంలోనే నన్ను రుద్రూర్‌లో మేనత్త ఇంటికి పంపాలని తేల్చారు. కాన్పు అయ్యేదాకా అక్కడే ఉండాలట. ఎందుకని అడగక్కర్లేదు. కుక్క మూతి కుట్టించాక ఇంట్లో చూడకూడని మూతి ఒక్కటే మిగిలింది.

బండి కట్టిన పొద్దున నేను బాపును పట్టుకుని అడిగాను. "నాకు సుత కుట్టియ్యి బాపు. కుట్టిస్తె నేను సుత ఇంట్లనే ఉంటగద."

బాపు కళ్ళు నా మొహం మీద నిలవలేదు. "కుక్కదంటె కుక్కది బిడ్డా. అతికితె అతికె, పోతె పోయె. నీది గట్లనా? నీది గ్రహణం సోకింది. గది దేవుని రాత."

ఎంత మంచి లెక్క! అదే చీలిక, అదే పక్క. కుక్కకైతే రోగం, నాకైతే గ్రహణం. వదిన తలుపు చాటున నిలబడి కొంగు అంచు నలుపుకుంది. "మామా, ఆమెను ఉండనియ్యిండ్రి" అని ఒక్క మాట అంటే ఆమె నోటి ముత్యాలు రాలిపోవు. అనలేదు. అవ్వ నా బట్టల మూట బండిలో పెట్టి, మూతి తుడుచుకోవడానికి మెత్తటి పాత చీర ముక్కలు విడిగా కట్టి ఇచ్చింది. కుక్క వీధి చివరి దాకా బండి వెంట పరిగెత్తి, ఆగి, తిరిగి ఇంటికి పోయింది. దాన్ని నేను ఏమీ అనను. దాని అన్నం అక్కడుంది.

రుద్రూర్‌లో నాకు గొడ్ల కొట్టం పక్క అర్ర ఇచ్చారు. చుట్టూ చెరుకు తోటలు, కనుచూపు మేరంతా. మేనత్త కోడలికి కూడా నెలలు నిండుతున్నాయని ఇంటి ముందు వైపు తిరగొద్దన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. గ్రహణం కూడా నేను అక్కడున్నప్పుడే పట్టింది. మేనత్త కోడల్ని నడింట్లో పడుకోబెట్టి తలుపులు బిగించారు. నన్నెవరూ పట్టించుకోలేదు. నేను చెరుకు గడ ఒకటి విరిచి, పళ్ళతో చీల్చి, కసికొద్దీ నమిలి, పిప్పి సూర్యుడి వైపు ఉమ్మాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అవ్వ వచ్చింది. ఒక్కతే, బస్సులో. అవ్వ ఒంటరిగా ఊరు దాటడం నేనెన్నడూ చూడలేదు. చెంబెడు నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని చెప్పింది.

"పిలగాడు పుట్టిండు. నీ లెక్కనే ఉన్నడు."

నాకు ముందు నవ్వు వచ్చింది. నిజం చెప్తున్నాను, పొట్ట పగిలేంత నవ్వు. తర్వాత ఏడుపు వచ్చింది.

"బాపమ్మ నన్ను రమ్మన్నదా?"

"ముసల్ది రమ్మంటలేదు. నేను రమ్మంటున్న. పా."

మేము ఇల్లు చేరేసరికి అరుగు మీద పంచాయితీ జరుగుతోంది. బాపమ్మ మంచం మీద, చుట్టూ చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీల ఆడవాళ్ళు, ఒక మూలకు వదిన, ఒళ్ళో బిడ్డ. బిడ్డ పెదవి నేను అద్దంలో చూసుకునేదే. పాలు ముక్కులోంచి వచ్చి చెంప మీద ఎండి ఉన్నాయి, తుడిచేవాళ్ళు లేరు. బాపు, అన్న గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నారు.

గ్రహణం నాడు వదినను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద గరిక పెట్టి, కాళ్ళూ చేతులూ కదపొద్దని బాపమ్మే దగ్గర కూర్చుని కాపలా కాసిందట. కొయ్యలాగా పడుకుందట ఆ పిల్ల. మరి తప్పు ఎక్కడుంది? ఎక్కడో ఉండే తీరాలి కదా!

"యాదికి తెచ్చుకో" అంటోంది బాపమ్మ. "గింత గూడ కదల్లేదా? నాకు యాదికొస్తున్నది. మూతి మీద ఈగ వాలె. నువ్వు చెయ్యి ఆడిచ్చినవ్. ఈగను కొట్టినవ్!"

"గంతే గంతే, ఈగనే" అన్నారు చాటల వాళ్ళు. చేతులు మాత్రం ఆపలేదు, ఆకు చుడుతూనే ఉన్నారు.

వదిన వెక్కివెక్కి ఏడుస్తూ, "కొట్టలే, తోలిన, ఉత్తగ తోలిన" అంది. థూ! అప్పుడే కన్న ఆడదాన్ని పట్టుకుని, ఈగను తోలావా కొట్టావా అని విచారణ! ఆ అరుగు మీద అన్ని మొహాల మీదా ఉమ్మేయాలనిపించింది.

అవ్వ చేతిలో ఉన్న మూట కింద పెట్టింది. లోపల వదిన మంచం కింద ముడుచుకుని పడుకున్న కుక్కను మెడ పట్టి ఈడ్చుకొచ్చి, నడి అరుగు మీద, బాపమ్మ కాళ్ళ ముందు కూర్చోబెట్టింది. బొటనవేలితో దాని పెదవి పైకి ఎత్తి కుట్టు గీత చూపించింది.

"అత్తా, దీన్ని కన్న కుక్క పిప్పి కుప్పల పడి ఈనింది. అది ఏ గ్రహణం నాడు కొడవలి పట్టింది? ఏ ఈగను కొట్టింది? జెర సెప్పు."

బీడీల చేతులు ఆగిపోయాయి.

బాపమ్మ "కుక్కకు గ్రాణమేందే, పిచ్చిదానా!" అంది.

"నేనడిగేది గదే" అంది అవ్వ.

అంతే. అరవలేదు, ఏడవలేదు. లోపలికి పోయి దూది తెచ్చి వత్తి చేసి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని తల ఎత్తి పట్టుకుని పాలు పట్టింది. నేను పుట్టిననాటి నుంచి ఆమె గొంతులో ఇరుక్కుని ఉన్న మాట అది. బయటికి రావడానికి ఒక కుక్క పుట్టాల్సి వచ్చింది.

మనవడు పుట్టేసరికి దేవుడి రాత ఎంత తొందరగా చెరిగిపోయిందో చూడండి. "జల్ది పట్నం తీస్కపోవాలె" అని ఆ రోజు రాత్రే బాపు అన్నాడు. గ్రహణం మాట ఎత్తలేదు. అన్నది ఆ నోరే, నాకు రాత గురించి చెప్పిన నోరే. వదినకు ఒంట్లో బాగాలేదు. వత్తితో పాలు పట్టడం నాకూ అవ్వకూ తప్ప రాదు కాబట్టి మా ఇద్దరినీ వెంటబెట్టుకుని రైలెక్కాడు.

పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ తల ఎత్తింది. నా చేతుల్లో బిడ్డను చూసింది, నన్ను చూసింది.

"ఇద్దరికా?"

"లేదు మేడం, పిలగానికే" అన్నాడు బాపు. "గీ పిల్ల ఎత్తుకునేటందుకు వచ్చింది."

"ఇద్దరికి" అంది అవ్వ.

డాక్టరమ్మ బిడ్డ బరువు చూసి, వీడు ఇంకా కొన్ని నెలలు పెరగాలి, అప్పుడు తీసుకురండి అంది. అమ్మాయికి కావాలంటే ఇప్పుడే చేయొచ్చు అంది. బాపు గోడ వైపు చూస్తూ ఆలోచించాడు.  కాదంటే ఆ గుమ్మం దగ్గరే పడి చస్తాననుకున్నాను. ఆయన మొహం నెమ్మదిగా తేటపడింది, మంచి బేరం తట్టినట్టు.

"గట్లనే మేడం. ముందుగాల్ల గీ పిల్లకు సెయ్యిండ్రి. మంచిగైతె పిలగానికి సేయిద్దం."

ముందు కుక్కకు, తర్వాత నాకు, అన్నీ బాగుంటే వాడికి. కుక్క మీద అతికితే నా మీద, నా మీద అతికితే మనవడి మీద. మా బాపు చెడ్డవాడని ఎవరూ అనరు, నేనూ అనను. కాంటా దగ్గర పనిచేసేవాడు కదా, ఎవరి బరువు ఎంతో ఆయనకు తెలుసు. నేను మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా "సరే" అన్నాను. రోత పడటానికి తర్వాత బోలెడు తీరిక ఉంటుంది. ముందు పెదవి కావాలి.

అంచులు చెక్కుతారు, గుచ్చుతారు, లాగి ముడి వేస్తారు. నాకు అన్నీ తెలుసు కాబట్టి భయపడలేదు.

కుట్లు విప్పించుకుని ఇంటికి వచ్చిన నాడు కుక్క వచ్చి నా మూతి వాసన చూసి తుమ్మింది. బాపమ్మ నన్ను వాకిట్లోనే ఆపి, నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. అటు చూసింది, ఇటు చూసింది. అరుగు మీద చాటల వాళ్ళు మెడలు సాచారు.

"అబ్బా! అచ్చం మనిషి లెక్కనే అయినవ్ బిడ్డా!"

ఆమె చేతిని గడ్డం మీంచి తీసేశాను.

"గీ మాట కుక్కకు సుత అన్నవ్, బాపమ్మా" అన్నాను.

నేను పుట్టి బుద్ధెరిగాక ఆ పిలుపు నా నోట మొదటిసారి సరిగ్గా పలికింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి, గాలి ఎక్కడా పోలేదు. అరుగు మీద ఎవరూ నవ్వలేదు. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చి, "ఇంకొకపారి అను" అంది.